బోడి బిళ్ళ వెనకంచు

సైనికుల టోపీ బిళ్ళ పట్టుకుని బిళ్ళలక్క దగ్గరికి వెళ్ళేవాళ్ళు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. బిళ్ళను ఆవిడ బల్ల మీద పెట్టాక ఇక నోరు విప్పకూడదు. మా తాత యుద్ధంలో పెట్టుకున్నదండీ, మా పెదనాన్న పెట్టె అడుగున దొరికిందండీ అని ఎవరైనా మొదలుపెట్టారో, ఆవిడ కుడిచెయ్యి పైకి లేస్తుంది. ఆ చెయ్యి లేచిందంటే ఎంతటివాడైనా ఆగిపోవలసిందే. వందలమందిని ఎర్రటి ఎండలో వరసగా నిలబెట్టిన మేజరుగారు కూడా ఆ చెయ్యి చూసి మాట మింగేసిన రోజులున్నాయి.

"నాకు కథలొద్దు. చెప్పాల్సింది ఆ ఇత్తడే చెప్తుంది," అంటుంది.

ఆవిడకు అరవై రెండేళ్ళు. చిన్నా పెద్దా అందరికీ అక్కే. ఆవిడకంటే పదిహేనేళ్ళు పెద్దవాడైన మేజరుగారూ అక్కా అనే పిలుస్తారు, తనకు వయసు తగ్గినట్టుంటుందో ఏమో. ఒక్క మరిది మాత్రం వదినా అంటాడు. చెప్పుల దుకాణం పైన, పద్నాలుగు మెట్లెక్కితే వచ్చే ఒంటి గదిని ఇద్దరూ పంచుకున్నారు. గుమ్మం వైపు సగం మరిది గడియారాలది, ఉత్తరపు కిటికీ వైపు సగం ఈవిడ బిళ్ళలది. మంచి వెలుతురు ఈవిడ కొట్టేసిందని ఇరవై ఏళ్ళుగా అతని ఏడుపు. ముల్లు కంటే సన్నని మరను చీకట్లో వెతుక్కుంటున్నానని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. "నీకు కళ్ళెందుకు? గడియారం నడిస్తే చప్పుడొస్తుంది, వినపడితే చాలు," అని ఈవిడ సమాధానం.

ఈ విద్య ఆవిడ తన తండ్రి దగ్గర నేర్చింది. సైన్యానికి దుస్తులు కుట్టే దుకాణంలో ఆయనది మూల బల్ల. టోపీలకు బిళ్ళలు బిగించడం, విరిగిన కొక్కేలకు టంకం పెట్టడం, సైనికులు అడిగిన మార్పులు చెయ్యడం ఆయన పని. అడిగేవి ఒకటీ రెండూ కాదు. ఒక దళాన్ని ఇంకో దళంలో కలిపేస్తే పాత బిళ్ళలో ఒక ముక్క కోసి కొత్త ముక్క అతికించాలి. కొత్తగా పెళ్ళయినవాడు పాత బిళ్ళ తెచ్చి, వెనక పిన్ను పెట్టివ్వండి, మా ఆవిడ చీరకు పెట్టుకుంటుంది అంటాడు. పెళ్ళయ్యేదాకా ఎనిమిదేళ్ళపాటు ఆవిడ ఆ బల్ల పక్కనే కూర్చుని ఆకురాయి పట్టింది. ఏ కోతకు ఎలాంటి గీత పడుతుందో, ఏ కాలపు టంకం ఏ రంగుకు తిరుగుతుందో వేళ్ళకు తెలిసిపోయింది.

బిళ్ళలు సేకరించే పెద్దమనుషులకు మార్చిన బిళ్ళ అంటే చిన్నచూపు. చెడిపోయిందని పక్కకు నెట్టేస్తారు. ఆ మాట వింటే బిళ్ళలక్కకు ఒళ్ళు మండుతుంది.

"మార్చడం వేరు, మోసం చెయ్యడం వేరు," అని దులిపేస్తుంది. "వాడు పెట్టుకోడానికి వాడు కోసుకున్నాడు, అందులో తప్పేముంది? మీరు కొంటారని తెలిసి ఎవడో నిన్న కోశాడు చూడండీ, అదీ చెడిపోయిన బిళ్ళంటే."

ఈ రెండింటినీ విడదీయడంలో ఆవిడకు సాటి లేరు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు, ఆవిడంటే పడనివాళ్ళు కూడా ఒప్పుకున్న మాట ఇది. మరి కథలు వినకూడదన్న నియమం ఎక్కడిదంటే, అదీ తండ్రి పుణ్యమే. ఆయన చేతులెంత గట్టివో మనసంత మెత్తన. ఎవడేం చెప్పినా నమ్మేవాడు. ఆయన పోయాక పెట్టె తెరిచి చూస్తే నూట నలభై బిళ్ళలున్నాయి, వాటిలో అసలైనవి తొమ్మిది. మిగిలినవన్నీ కళ్ళనీళ్ళు పెట్టుకుని కథలు చెప్పినవాళ్ళు అంటగట్టినవి. ఆ రోజే ఆవిడ చెవులు మూసుకుంది.

ఇక బోడి బిళ్ళల సంగతి. రాచరికం పోయిన ఏడాది, కొండమీద ఎక్కడో దూరపు చౌకీలో ఒక దళం ఉండేది. వాళ్ళ బిళ్ళ మీద కోట గుమ్మం, దాని పైన రాజుగారి కిరీటం. రాజుగారు దిగిపోయారన్న కబురు కొండెక్కింది గానీ కొత్త బిళ్ళలు ఎక్కలేదు. లేని రాజు కిరీటం నెత్తిన పెట్టుకుని తిరగడమేమిటని ఆ దళం అధికారి ఒక పొద్దున అందరినీ వరసలో నిలబెట్టి, ఉన్న ఒక్క ఆకురాయీ చేతులు మారుస్తూ, ఎవరి కిరీటం వాళ్ళచేతే కోయించాడు. కోసినవాళ్ళు నలభై ఒక్కమంది. ఏడు నెలలు ఆ బోడి బిళ్ళలతోనే తిరిగారు. తర్వాత వాళ్ళ చిట్టా పుస్తకం వానకు తడిసి ముద్దయిపోయింది. ఆ పొద్దున వరసలో ఎవరున్నారో చెప్పే కాగితం ఇక మిగల్లేదు.

మాజీ సైనికుల హాలులో ఆ నలభై ఒక్కమంది కోసం ఒక పలక పెట్టారు. అందులోకి పేరు ఎక్కాలంటే బోడి బిళ్ళ చూపించాలి, అది నిజమైనదని బిళ్ళలక్క చెప్పాలి. ఎందుకంటే కిరీటం ఉన్న మామూలు బిళ్ళలు సంచులకొద్దీ దొరుకుతాయి. ఒకటి తీసుకుని పైన కోసేస్తే అయిపోయె. టోపీకి పెట్టే బిళ్ళతో ఊరికే టోపీ పెట్టేవాళ్ళు తక్కువేమీ లేరు.

ఆవిడ పద్ధతి తేలికగా చెప్పవచ్చు, చెయ్యడమే కష్టం. సైనికుడు రోజూ పొద్దున్నే బిళ్ళ తోముతాడు. ఎందుకు? అధికారి చూస్తాడని. అధికారి చూసేది ముందువైపే, కనుక తోమేదీ ముందువైపే. కాబట్టి కిరీటం కోసిన చోట ముందంచు అరిగి నున్నగా ఉండాలి, వెనకంచు కోసిన రోజున ఎలా ఉందో అలా, వేలికి గీరుకునేంత పదునుగా ఉండాలి. దొంగ సరుకు చేసేవాడికి ఈ తేడా తెలియదు. పాతదానిలా కనపడాలని మొత్తం బిళ్ళను ఇసకలో దొర్లిస్తాడు, రెండంచులూ ఒకేలా అరుగుతాయి. ఆవిడ భూతద్దం కూడా తియ్యకుండా, బొటనవేలి గోరు వెనకంచు మీద నడిపించి చెప్పేసేది. ఒకసారి కోటూ బూటూ వేసుకున్న ఒక వ్యాపారి ఆరు బోడి బిళ్ళలు మఖమలు గుడ్డలో చుట్టి తెచ్చాడు. గోరుతో ఆరూ నిమిషంలో చూసి, "గుడ్డ మాత్రం అసలైనదే," అంది ఆవిడ. ఆ మాట చెప్పుకుని మరిది నెలరోజులు నవ్వాడు.

వంటమేస్త్రి వచ్చింది పదకొండేళ్ళ కిందట. ఆ దళానికే వండిపెట్టిన మనిషి. అప్పటికే డెబ్భై దాటాయి. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా జేబులోంచి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ గోరు వెనకంచు మీద నడిచింది. ఎక్కడా గీరుకోలేదు. వెన్నలా నున్నగా ఉంది.

ఆవిడ గోరు అక్కడే ఆగడం చూసి ఆయన నోరు తెరిచాడు. "అది కాదమ్మా, మా ఇంటావిడ..."

చెయ్యి లేచింది. ఆయన ఆగిపోయాడు.

"వెనకంచు అరిగిపోయింది. సైన్యంలో ఎవరూ వెనక తోమరు. ఇది నకిలీ," అంది బిళ్ళలక్క.

 ఏదో చెప్పాలనుకుని, మళ్ళీ వద్దనుకున్నట్టు తల అడ్డంగా ఊపుకున్నాడు. "సరేనమ్మా," అని బిళ్ళ తీసి జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. పలక మీద ఆయన పేరు ఎక్కలేదు. ఆ పొద్దున వంటవాళ్ళు కింద శిబిరంలోనే ఉన్నారని, మేస్త్రి గొప్పకోసం అబద్ధమాడాడని హాలులో అనుకున్నారు. ఆయన మళ్ళీ హాలు గడప తొక్కలేదు. రెండేళ్ళకు పోయాడు. ఇవేవీ బిళ్ళలక్క చెవిన పడలేదు, పడినా పట్టించుకునేది కాదు. తన పుస్తకంలో 'నకిలీ' అని రాసి పేజీ తిప్పేసింది.

మొన్న శనివారం ఉదయం ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, ఆస్పత్రిలో నర్సు. పనికి వెళ్తూ దారిలో ఆగినట్టుంది, తెల్లబట్టల మీదే వచ్చింది. చేతిరుమాలులోంచి బిళ్ళ తీసింది.

"కొక్కెం ఊడిపోయిందక్కా. అతికిస్తారా?"

బిళ్ళలక్క చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టింది. మనుషుల ముఖాలు మరిచిపోతుంది గానీ బిళ్ళను మరిచిపోదు. "ఇది నేను చూసిందే. నకిలీ అని చెప్పిందే. నీ దగ్గరికెలా వచ్చింది?"

"మా తాతయ్యది, ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. మీరు చూశారని తెలుసు," అంది నర్సు, ముఖం కాస్త బిగించి. "తీర్పు అడగడానికి రాలేదక్కా. అమ్మమ్మ చేతిలోంచి జారి కొక్కెం ఊడింది. రెండ్రోజుల్నించి అన్నం సరిగా తినట్లేదు. అతికిస్తే చాలు."

మరిది గడియారం లోంచి తలెత్తి, "అతికించు వదినా, నకిలీకి టంకం అంటదా ఏం?" అన్నాడు.

బిళ్ళలక్క టంకం కడ్డీ వేడెక్కనిచ్చి, బిళ్ళను బోర్లించి చిన్న పట్టకారులో బిగించింది. తీర్పు చెప్పే మనిషి బిళ్ళను అరనిమిషం చూస్తే సరిపోతుంది. అతికించే మనిషికి అలా కుదరదు. పాత టంకం గీకాలి, కొక్కెం ఎక్కడ నిలబడాలో చూడాలి, ఊడిన ముక్కను భూతద్దం కింద పెట్టి ఎంత మిగిలిందో కొలవాలి. అలా కొలుస్తూ ఉండగా ఆవిడ చెయ్యి నెమ్మదించింది.

కొక్కెం లోపలివైపు అరిగి ఉంది. టోపీ లోపల గుచ్చే పిన్ను అక్కడే రాసుకుంటుంది. అంత లోతున అరగాలంటే ఏళ్ళ తరబడి టోపీకి ఉండాలి, ఇసకలో దొర్లిస్తే రాదు. బయటివైపూ అరిగి ఉంది, అది పిన్ను పని కాదు. ఆవిడ పట్టకారు వదులు చేసి బిళ్ళ వీపంతా వెలుతురుకు తిప్పింది. నడుమ, బిళ్ళ తయారుచేసిన కంపెనీ ముద్ర ఉండవలసిన చోట, బొటనవేలు పట్టేంత పల్లం ఉంది. ముద్రలో రెండు అక్షరాల నీడ తప్ప ఏమీ మిగల్లేదు.

 దొంగ సరుకు చేసేవాడు ఏది చెరిపినా ముద్రను చెరపడు. ఆ ముద్ర చూసే కదా కొనేవాడు కొంటాడు. ఇసకలో వేసేముందు దాని మీద మైనం అద్ది మరీ కాపాడుకుంటాడు. అమ్ముకునే ఉద్దేశం కలలో కూడా లేనివాళ్ళే దీన్ని ఇలా అరగదీయగలరు. ఇంత మాట పదకొండేళ్ళ కిందట ఆ బిళ్ళను ఒక్కసారి బోర్లించి చూసి ఉంటే తెలిసేది. ఆవిడ గోరుతో అంచు చూసి ఆగిపోయింది.

"ఈ వెనకవైపు ఎవరు తోమారు?" అంది.  పాతికేళ్ళలో బిళ్ళ తెచ్చిన మనిషిని ఆవిడ ప్రశ్న అడగడం అదే మొదటిసారని మరిది తర్వాత అన్నాడు.

"అమ్మమ్మే. వారం వారం. బూడిదా నిమ్మచెక్కా పెట్టి, ఇంట్లో గిన్నెలు తోమినట్టే వెనకా ముందూ తోముతుంది. తాతయ్య సైన్యంలోంచి వచ్చేసిన దగ్గర్నించీ అంతే. ఎందుకక్కా?"

'మా ఇంటావిడ' అని ఆయన మొదలుపెట్టిన మాట బిళ్ళలక్కకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట పూర్తి కావడానికి ఇంకో రెండు క్షణాలు పట్టేదేమో. ఆ రెండు క్షణాలూ తను ఇవ్వలేదు. ఒక మనిషిని బతికుండగా అబద్ధాలకోరును చేసి పంపేసింది.  ఏడవడానికి మాత్రం ఆవిడ కూర్చోలేదు, అది ఆవిడ తత్వం కాదు. కొక్కెం అతికించింది, చల్లారనిచ్చింది, బిళ్ళను నర్సు చేతిలో పెట్టింది.

"అమ్మాయీ, ఇది అసలైనది. తప్పు నాది. రేపు ఆదివారం హాలులో అందరూ ఉంటారు, బిళ్ళ తీసుకుని పదింటికల్లా అక్కడికి రా. మీ తాతయ్య పేరు పలక ఎక్కించి కానీ నేను ఇంటికెళ్ళను."

నర్సు కుర్చీ కోసం వెతుక్కుని కూర్చుంది.

హాలులో ఆదివారం పొద్దున పదిమంది దాకా ఉన్నారు. కాఫీలు తాగుతూ, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకుంటూ ఉన్నారు. బిళ్ళలక్క నేరుగా హాలు వ్యవహారాలు చూసే మేజరుగారి బల్ల దగ్గరికెళ్ళి రెండు బిళ్ళలు బోర్లించి పెట్టింది. ఒకటి కోటు వ్యాపారి వదిలేసి పోయిన దొంగ బిళ్ళ. రెండోది నర్సు తెచ్చిన వంటమేస్త్రిది.

"ముద్రలు చూడండి మేజరుగారూ. దొంగదాని మీద ముద్ర నిన్న కొట్టినట్టుంది. దీని మీద అసలు లేదు. అమ్మదలుచుకున్నవాడు ముద్ర చెరుపుతాడా? ఇక కొక్కేలు చూడండి. టోపీలో ఏళ్ళపాటు ఉంటే తప్ప లోపలివైపు ఇలా అరగదు. ముందువైపు కోత చూడండి, సందుల్లో సైన్యం పాలిషు తెల్లగా ఎండి ఇంకా ఉంది. మేస్త్రి ఆ పొద్దున వరసలో ఉన్నాడు. నేనే తప్పు చెప్పాను."

మేజరుగారు బిళ్ళలు చూడలేదు, ఆవిడను చూశారు. "అక్కా, మీరు నకిలీ అంటే మేం నకిలీ అన్నాం. ఇప్పుడు మీరే కాదంటే, ఆ పలక మీదున్న ముప్పై రెండు పేర్ల మాటేంటి? రేపు ఎవడో వచ్చి, ఆవిడ చూపు నమ్మేదేముంది అంటే నేనేం చెప్పాలి?"

అక్కడున్నవాళ్ళంతా కాఫీ కప్పులు దించారు. ఆవిడ పాతికేళ్ళ పేరు ఆ ప్రశ్న మీద వేలాడుతోంది. అది ఆవిడకు తెలుసు.

"పలక మీదున్న ముప్పై రెండూ నికార్సయినవి, అందులో మార్పు లేదు," అంది తొణక్కుండా. "పదునైన వెనకంచు అబద్ధం చెప్పదు. అరిగిన అంచు మాత్రం అన్నిసార్లూ నిజం చెప్పదు. ఆ రెండోది నాకు ఇంతకాలం తెలీలేదు. అరిగిందన్న ఒక్క కారణంతో నేను కాదన్నవి ఇంకో మూడున్నాయి, నా పుస్తకంలో రాసున్నాయి. ముగ్గురి ఇళ్ళకీ నేనే వెళ్ళి అడిగి మళ్ళీ చూస్తాను. ఇదంతా కాయితం మీద రాసి ఇమ్మంటారా? ఇస్తాను. పలక పక్కనే అద్దంలో పెట్టి వేలాడదీయండి. అక్షరాలు పెద్దగా ఉండాలి, మీలో సగంమందికి కళ్ళు కనపడవు."

వెనక బెంచీ మీద ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో మేజరుగారి ముఖం కూడా సడలింది. దొంగదాన్నీ అసలుదాన్నీ చెరో చేత్తో తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. చివరికి మేస్త్రి బిళ్ళను జాగ్రత్తగా రుమాలు మీద పెట్టి, "ఆయన వండిన పప్పు నేను రెండేళ్ళు తిన్నాను. ఆయన మాట మాత్రం నమ్మలేదు," అన్నారు. సాయంత్రానికి పెయింటరును పిలిపించి ముప్పై మూడో పేరు రాయిస్తానన్నారు.

బిళ్ళలక్క అక్కడే కూర్చుని కాగితం రాసింది. గుండ్రటి అక్షరాలతో ఎనిమిది వరసలు. వంటమేస్త్రి బిళ్ళ అసలైనదని, ఆయన భార్య ఏళ్ళ తరబడి బూడిదతో వెనకవైపు కూడా తోమడం వల్ల వెనకంచు అరిగిందని, అందువల్లే నకిలీ అని తీర్పు వచ్చిందని, ఆ తీర్పు తప్పని రాసి సంతకం పెట్టింది. ఆవిడ దేన్నీ సగం చెప్పే మనిషి కాదు. సోమవారం అద్దం కట్టించాలి కనుక కాగితం తన సంచిలో పెట్టుకుని, "పద, మీ అమ్మమ్మకి నేనే చెప్పాలి," అని నర్సు వెంట బయలుదేరింది.

రెండు గదుల ఇల్లు. గిన్నెలన్నీ గోడ పక్కన వరసగా బోర్లించి ఉన్నాయి, అన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి. ముసలమ్మ కిటికీ దగ్గర పీట మీద కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. చేతులు మాత్రం ఇంకా గట్టిగా ఉన్నాయి. బిళ్ళ చేతికి రాగానే కొక్కెం తడిమి చూసి ముఖం విప్పారింది.

"ఈవిడేనా తల్లీ అతికించింది? బాగా అతికించావమ్మా."

"పెద్దమ్మా, నేను మీకు క్షమాపణ చెప్పుకోడానికొచ్చాను," అంది బిళ్ళలక్క, నిలబడే. "ఈ బిళ్ళ నకిలీ అని మీ ఆయనతో అన్నది నేనే. అది తప్పు. ఆయన పేరు ఇవాళ పలక మీద రాస్తున్నారు."

ముసలమ్మ కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. "చెప్పారమ్మా ఆయన, ఆ రోజు ఇంటికొచ్చి. ముందువైపు కోత వంకరగా ఉందని నువ్వన్నావట. అప్పుడే అన్నాను, ఆకురాయి పట్టడం మీకేం వచ్చు, గరిటె పట్టినట్టనుకున్నారా అని. నవ్వారు. ఆ విషయం మళ్ళీ ఎత్తనివ్వలేదు. పైగా ప్రతివారం బూడిద గిన్నె తెచ్చి నా పక్కన పెట్టేవారు, బిళ్ళ మాసింది, తోమవే అని."

 ముందువైపు కోత గురించి బిళ్ళలక్క ఒక్క ముక్క కూడా అనలేదు. వెనకంచు అనే చెప్పింది, సైన్యంలో ఎవరూ వెనక తోమరు అనే చెప్పింది. ఆయనకు ఆ క్షణానే అర్థమైంది, ఆ వెనకంచు ఎవరి చేతుల్లో అరిగిందో. మళ్ళీ ఒకసారి వచ్చి ఆ మాట చెప్తే పేరు పలక ఎక్కేది. కానీ అది నలుగురిలో నలిగి ఇంటికి చేరేది, తను తోమడం వల్లే మొగుడు అబద్ధాలకోరయ్యాడని ఈవిడ కుమిలిపోయేది. అందుకని నిందను మోసుకుని ఇంటికెళ్ళి, తప్పు తన కోత మీదే వేసుకుని, ఈవిడ చేతికి బూడిద అందిస్తూ పోయాడు. ఆఖరుదాకా.

"మరి కోత వంకరైనా అసలైనదేగా, అప్పుడు నకిలీ అని ఎందుకన్నావు తల్లీ?" అంది ముసలమ్మ. అందులో కోపం లేదు, తెలుసుకోవాలని అడిగింది.

"అక్కా, కాయితం ఉందిగా, చదవండి," అంది నర్సు. ఆ పిల్ల ఇంకా అక్కడిదాకా ఆలోచించలేదు.

బిళ్ళలక్క సంచిలోంచి కాగితం తీసి విప్పింది. జీవితంలో ఎప్పుడూ ఉన్నదాన్ని లేనట్టు, లేనిదాన్ని ఉన్నట్టు చెప్పని మనిషి. మొదటి వరసలు ఉన్నవి ఉన్నట్టే చదివింది. వంటమేస్త్రి బిళ్ళ అసలైనది. ఆయన ఆ పొద్దున వరసలో ఉన్నారు. తర్వాతి వరస దగ్గర ఆవిడ కళ్ళు కాగితం మీదే ఉన్నాయి, నోరు మాత్రం దాన్ని వదిలేసింది.

"చూసినావిడ అడగవలసిన మాట అడగలేదు. చెప్పబోయిన మాట విననూ లేదు. అందువల్ల తీర్పు తప్పింది," అని చదివి, సంతకం దాకా వెళ్ళి కాగితం మడిచింది.

నర్సు పక్కనుంచి తొంగి చూసి ఆ వరస కాగితం మీద లేదని గ్రహించింది. ఏదో అనబోయి, అమ్మమ్మ చేతుల వైపు చూసి, పెదవి కొరుక్కుంది. ఆ పిల్లకీ అప్పుడు అంతా అర్థమైంది.

ముసలమ్మ ఇదేమీ చూడలేదు. పక్కనున్న గిన్నెలోంచి చిటికెడు బూడిద తీసి, బిళ్ళను బోర్లించి, బొటనవేలితో పల్లంలో గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టింది. కొత్తగా పెట్టిన టంకం చుట్టూ మాత్రం జాగ్రత్తగా వదిలేసింది.

"వెనకెందుకు పెద్దమ్మా? అక్కడ ఎవరు చూస్తారు?" అంది బిళ్ళలక్క. ఈసారి తెలుసుకుందామనే అడిగింది.

"ముందువైపు లోకం చూడ్డానికి. ఈ వైపే కదమ్మా ఆయన నుదుటికి ఆనుకుని ఉండేది," అంది ముసలమ్మ, తల ఎత్తకుండానే.

బిళ్ళలక్క ఆవిడ తోమడం అయ్యేదాకా ఆ పీట పక్కనే నేల మీద కూర్చుంది. తర్వాత లేచి వీధిలోకి వచ్చి, గుమ్మం దాకా సాగనంపిన నర్సు ఎదుటే ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి సంచిలో వేసుకుంది.

"నీ దగ్గర తెల్లకాయితం ఉందా అమ్మాయీ? లోపల చదివింది మర్చిపోకముందే రాసుకోవాలి."